బిగుసుకుపోయిన నోరు

మొన్న భీమవరంలో ఆటో ఎక్కితే డ్రైవరు వక్కపొడి పొట్లాన్ని పంటితో చింపాడు. తియ్యగా, ఘాటుగా ఆ వాసన తగలగానే సూర్యారావుగారు వచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టయింది. నాకు చదువు చెప్పిన మనిషి ఆయన. బుగ్గన వక్క పెట్టుకునే చెప్పారు.

తొంభైల్లో నేను రొయ్యల చెరువులకు ఐసు పంపే ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాణ్ణి. ఆయన మా మేస్త్రి. లారీ మీద ఊరి పేరు చదవలేక, నిడదవోలు వెళ్ళాల్సిన సరుకును ఓసారి తుని లారీకి ఎక్కించేశాను. తిడతారనుకుంటే, ఐసు మీద కప్పే ఊకను నేల మీద పరిచి వేలితో అక్షరం గీశారు.

"నలభై ఏళ్ళొచ్చాయండీ, ఇప్పుడేం చదువండి?" అన్నాను.

"దిమ్మ మొయ్యడానికి అడ్డురాని వయసు, దీనికి అడ్డొచ్చిందేంటయ్యా అప్పన్నా? నోరు తెరువు. ఆ అను. అలాక్కాదు, ఒడ్డున పడ్డ చేపలా తెరువు!"

తోటి కూలీలూ చేరారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక రోజూ అదే మా బడి. ఆయన మా దగ్గర ఏమీ పుచ్చుకునేవారు కాదు. గురువు దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదని మేమే వంతులేసుకుని వక్క పొట్లాలు తెచ్చేవాళ్ళం. అది మా మర్యాద.

కొన్నేళ్ళకి ఆయన కారం తినలేకపోయారు. పచ్చడి తగిలితే చాలు, కళ్ళనీళ్ళు. తర్వాత మిరపకాయ బజ్జీ నోట పట్టక, తుంచి లోపలికి తోసుకునేవారు. "మేస్త్రిగారు కొత్త పెళ్ళికూతురిలా తింటున్నార్రోయ్" అని మా రాములు వేళాకోళం చేస్తే అందరం నవ్వాం. ఆయనా నవ్వారు, పెదవులు సగమే విడ్డాయి. కొత్తగా చేరినవాళ్ళకి అక్షరాలు చెప్పబోతూ ఓ రోజు, "'ఆ' అని నువ్వు పలుకయ్యా, నాకు దవడ పట్టేసింది" అన్నారు. పంతులు పని దొరికిందని నేను పొంగిపోయాను. ఆయన నోరు మూసుకుపోతోందని ఒక్కడికీ తట్టలేదు.

బుగ్గలో పుండు లేచి ఎన్నాళ్ళకీ మానకపోతే రాజమండ్రి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ముక్క తీసి పరీక్ష చేయించి, క్యాన్సరంది. వేలితో బుగ్గ లోపల తడిమి చెప్పింది: "ఇక్కడ మెత్తగా ఉండాల్సిన కండ వక్క వల్ల తాడులా బిగుసుకుపోయిందండి. మన ఒంట్లో కణాలకి కళ్ళు లేకపోయినా, తామున్న చోటు మెత్తనో గట్టో తెలుస్తుంది. మెత్తటి చోట బుద్ధిగా ఉండేవే, చుట్టూ బిగిసి లాగుతుంటే దారి తప్పుతాయి. వక్క చేసే చెరుపు ఒకటి, దానికి ఈ బిగువు తోడు."

"బిగుసుకుంటున్నప్పుడే వచ్చుంటే ఏం చేసేవారమ్మా?" ఆయన అడిగారు.

"వక్క మానిపించి కనిపెట్టుకుని ఉండేవాళ్ళమండి."

బయటికొచ్చాక నా భుజం పట్టుకుని, "మీరు ప్రేమగా తెచ్చారు, నేను ప్రేమగా నమిలాను. ఎవర్నీ ఏమనకయ్యా" అన్నారు. ఆ మాటలూ సగం పళ్ళ వెనకే ఉండిపోయాయి. ఆపరేషనయ్యాక ఇక ఆయన గొంతు వినలేదు. పోయేదాకా ఊకలో రాసి చూపించేవారు, నేను చదివేవాణ్ణి. ఆ చదువు ఇలా పనికొస్తుందనుకోలేదు.

అందుకే వక్క నమిలేవాడు కనబడితే నేను ఊరుకోను. ఆటో డ్రైవరుతోనూ అన్నాను: "ఏదీ, నోరు తెరువు. ఆ అను."

"ఏంటి బాబాయ్, బడి పెట్టావా?" అని నవ్వుతూ తెరిచాడు.

పూర్తిగా తెరుచుకోలేదు.

"ఆటో పక్కకి ఆపు" అన్నాను.