ధాన్యంలో జయవిజయులు

రోజూ పారాయణ చేసే నోటితో అబద్ధం చెప్పను. ఇది నాకు జరిగింది.

మల్కాపురంలో మేమంతా కలిసి కట్టుకున్న వేంకటేశ్వరస్వామి గుడి. మర్నాడు ప్రతిష్ఠ. వైకుంఠం వాకిలి కాసే జయవిజయుల రాతి విగ్రహాలకు ఆ రాత్రి ధాన్యాధివాసం. అంటే... గర్భగుడి పక్క గదిలో పడుకోబెట్టి, పద్మనాభం ఊరి నుంచి వచ్చిన వడ్లతో పూర్తిగా కప్పేశాం. కాపలాకి నేనూ, నా స్నేహితుడు రమణా.

"బావా, టీ అట్టుకొస్తాను. ఆలిద్దర్నీ సూస్కో. లెగిసి పోతారేటి!" అని నవ్వి, తలుపు దగ్గరగా లాగేసి వెళ్లాడు రమణ.

ఫోను మోగింది. నా భార్య. సీతమ్మధార ఆసుపత్రిలో మా అమ్మ దగ్గర ఉంది.

"అత్తకి ఊపిరందట్లేదు. బేగి రండి..."

తలుపు లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. కదల్లేదు. "రమణా!" అని అరిచాను. పలికేవాళ్లు లేరు. భార్యకి ఫోను చేశాను. ఎత్తలేదు.

అప్పుడు వినిపించింది.

సర్ర్...

వడ్లు జారుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ... సర్ర్...

వెనక్కి తిరిగాను. వడ్లలోంచి ఒక రాతి వేలు. చూపుడువేలు. 'ఆగు' అని ద్వారపాలకుడు ఎత్తి చూపించే వేలు. దాన్ని కప్పింది నేనే... ఈ చేతులతోనే.

వాళ్లకింకా కళ్లు తెరిపించలేదు. ప్రాణప్రతిష్ఠ కాలేదు. శాస్త్రప్రకారం ఉత్త రాళ్లు. అయినా మోకాళ్ల మీద పడ్డాను.

"సనకసనందనాదుల్నే ఆపినోలు మీరు. నానెంత? మాయమ్మ కాడికెల్లాల. తలుపు తియ్యండి సామీ... తియ్యండి..."

ఎన్నిసార్లు అన్నానో! వేలు అలాగే ఉంది.

ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది. టీ గ్లాసులతో రమణ.

"ఏటి బావా, ఏడుస్తన్నావా? గెడైనా ఎయ్యలేదు కదా. ఇలా మోచేత్తో తోస్తే వచ్చీసింది!"

నేను ఆసుపత్రికి చేరేసరికి అమ్మ కళ్లు తెరిచి ఉంది. గుండె ఆగి, మళ్లీ కొట్టుకుందట. నా చెయ్యి పట్టుకుంది.

"పెద్ద గుమ్మంరా... అవతల ఎంత ఎలుగో! ఇద్దరు అడ్డంగా నిలబడిపోనారు. ఒకడు ఏలు సూపించి ఆగమన్నాడు."

అమ్మ ఇంటికొచ్చింది. కొత్త తలుపు చెమ్మకి బిగిసిందేమో... వడ్లు వాటంతటవే జారాయేమో... తెలియదు.

రోజూ ఆ ఇద్దరికీ దణ్ణం పెట్టాకే గర్భగుడి ముందుకు వెళ్తాను. రోజూ ఒకటే వణుకు. తలుపు తియ్యమని ఆ రాత్రి అంతలా వేడుకున్నానే... నా మాట విని తీసి ఉంటే... ఏ తలుపు తెరుచుకునేది?