వేళ్ల మధ్య చైను లాకు

బైకు చైను మార్చడానికి మెకానిక్ దగ్గరికి వెళ్లడమంటే అతని దృష్టిలో గోళ్లు తీయించుకోవడానికి ఆస్పత్రిలో చేరడం లాంటిది. ఇరవై రెండేళ్లుగా రోడ్లు పగలగొట్టే బ్రేకర్ మిషను పట్టుకుంటున్నాడు. వీధిలో పెద్దా చిన్నా అందరికీ అతను బ్రేకరే. ఇన్నేళ్లలో నాలుగు చైన్లు అరగదీశాడు, నాలుగూ ఇంటి మెట్ల దగ్గర కూర్చుని తనే మార్చుకున్నాడు. రెండు పానాలు, ఒక కటింగ్ ప్లయరు. అంతకు మించి ఏనాడూ పరవలేదు.

ఈ ఆదివారం పొద్దున మాత్రం సరంజామా పెరిగింది. వెనక చక్రం నట్టుకు నోరు తెరిచిన పానా వదిలేసి రింగు పానా తీశాడు. నోరున్న పానా జారే ముందు చేతికి చెబుతుంది. అతని చేతికి ఈమధ్య ఎవరేం చెప్పినా వినబడడం లేదు. రింగయితే నట్టును చుట్టూరా పట్టుకుంటుంది, కళ్లతో చూసి బిగించుకోవచ్చు. చైను రెండు కొసల్నీ కలిపి పట్టే లాకు ఊడదీయడానికి నోస్ ప్లయరు, ఊడిన ముక్కలకు స్టీలు పళ్లెం, కింద తెల్లగుడ్డ. ఇవేవీ తడిమి పనిచేసేవాడి సామాను కాదు.

మిషను అదురుకి వేళ్లు మొద్దుబారి రెండేళ్లయింది. ఇంట్లో చెప్పలేదు. చొక్కా గుండీలు విప్పేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. శ్రమ మనిషిని ఉక్కులా చేస్తుందని రాసేవాళ్లు ఓ గంట బ్రేకరు పట్టుకుంటే బాగుండు. చేస్తుంది, నిజమే. ఉక్కుకు స్పర్శ ఉండదు.

రేపు సైటుకు నర్సు వస్తుంది. కళ్లు మూయించి చేతిలో ఒక్కో వస్తువు పెడుతుంది. అదేంటో చెప్పలేనివాణ్ని మిషను మీంచి తీసేస్తారు. మిషను తప్ప అతనికి ఇంకో పని రాదు. పోయిన వారమే పరీక్ష అయిపోయిన తోటి పనివాడు, పొడుగాయన, నిన్న ఫోను చేశాడు.

“ఏం కంగారు పడకు బావా. ఎవరికైనా ఒకటే వరస. గుండీ, తాళంచెవి, నాణెం, స్క్రూ. ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పెయ్.”

“నువ్వలాగే చెప్పావా?”

“నేనింకా ముందే చెప్పేశాను. గుండీ అన్నాను, ఆవిడింకా డబ్బా మూత తీస్తోంది.”

చక్రం నట్టు వదులయింది. పాత చైను లాకు తీసి, దాని తోకకు కొత్త చైను తగిలించి లాగాడు. పాతది వెళ్తూ వెళ్తూ కొత్తదాన్ని ఇంజను పక్క పళ్లచక్రం చుట్టూ తిప్పి తెచ్చింది, కవరు విప్పే పని లేకుండా. గుండీ, తాళంచెవి, నాణెం, స్క్రూ. రెండు కొసలూ వెనక పళ్లమీద ఆనించి, కలిపే లింకు దూర్చి, పైన రేకు పెట్టాడు. ఇక మిగిలింది లాకు. గోరంత ఉక్కు ముక్క. దాని మూసున్న కొస చైను పరిగెత్తే వైపు ఉండాలి, లేకపోతే ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద ఎగిరిపోతుంది.

పళ్లెంలోంచి ప్లయరుతో తీయాల్సింది పాత అలవాటు కొద్దీ వేళ్లతో తీశాడు. ప్లయరు అందుకుని చూస్తే లాకు లేదు. పళ్లెంలో లేదు. గుడ్డ దులిపాడు. మెట్ల పగులులో, చక్రం కింద, చెప్పుల్లో వెతికాడు. కిటికీ దగ్గర చొక్కా కుడుతున్న భార్య మిషను ఆపి బయటికొచ్చింది.

“ఏం పోయిందండీ?”

“లాకు. ఇప్పుడే ఉంది. ఎగిరిపోయినట్టుంది.”

“దానికేమన్నా రెక్కలా?” ఆమె కిందకి చూడలేదు. అతని చేతుల వంక చూసింది. “మీ వేళ్ల మధ్యే ఉంది.”

ఉంది. ఎడమచేతి మధ్యవేలికీ ఉంగరపు వేలికీ నడుమ, గ్రీజులో అంటుకుని. పావుగంటగా ఆ చేత్తోనే నేలంతా తడుముతున్నాడు. అతనికి సిగ్గు గానీ భయం గానీ వేయలేదు. చేతిని కాసేపు ఎవరిదో వస్తువులా చూశాడు.

“ఎప్పట్నించి” అని ఆమె అడగలేదు.

“నీకు తెలుసా?” అన్నాడు.

“చొక్కాలకి పెద్ద గుండీలు ఎందుకు మార్చాననుకున్నారు?”

“చిన్నవి అయిపోయాయన్నావుగా.”

“దర్జీ ఇంట్లో గుండీలు అయిపోవడమేంటి. అన్నాననుకోండి, మీరెలా నమ్మారు?”

ఆమె పక్కన కూర్చుని లాకు తీసుకుంది. “మూసున్న కొస ముందుకి” అని అతను చూపించాడు. నోస్ ప్లయరుతో నొక్కింది.

“పడింది. వేలికి తెలిసింది.”

చైను ఎంత వదులుందో ఎప్పుడూ బొటనవేలితో ఎత్తి చూసుకునేవాడు. ఈసారి ఆమె మెడలో వేలాడే టేపు పెట్టి కొలిచారు. అంగుళం. నట్టు బిగించాడు.

సోమవారం కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. గుండీ అనే మాట నాలుక మీదే ఉంది. అరచేతిలో మాత్రం ఏమీ లేదు, లేదా ఏదో ఉంది.

“తెలీడం లేదమ్మా.”

నాలుగింటికీ అదే చెప్పాడు. దీన్ని నిజాయితీ అనేవాళ్లు ఉంటారు. అంత లేదు. నిన్నటి వెతుకులాటతో విసుగెత్తిపోయింది, అంతే.

సాయంత్రం బైకు చైను చప్పుడు లేకుండా వచ్చి ఆగింది.

“ఏమన్నారు?”

“దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టే పైపు ఇచ్చారు.”

“బరువా?”

“తెలీలేదు.”

“గుండీలు ఇంకాస్త పెద్దవి కుట్టనా?”

“ఇవి చాల్లే.”

గోడవైపు తిరగలేదు. ఆమె ఎదురుగానే నిలబడి, ఒక్కో గుండీనీ కళ్లతో చూసుకుంటూ విప్పాడు.