అక్క కనుక్కున్న తొమ్మిదంకెల సంఖ్య

మా పెద్ద తోడికోడలు పోయిన నెల ఆసుపత్రిలో కన్నుమూసింది. పాతికేళ్లు అక్కా అని పిలిచాను. పోయిందనగానే ఏడ్చాను. కానీ హిందీవాళ్ల ఊళ్లో, తార్‌బహార్ పేటలోని మా ఉమ్మడి ఇంట్లో ఆవిడ్ని చూసి అందరికంటే ఎక్కువ కుళ్లుకున్నది కూడా నేనే. అది దాచి ఆవిడ గురించి రాయలేను.

నేను లెక్కల్లో ఎమ్మెస్సీ, బడిలో టీచర్ని. అక్క హిందీ మీడియంలో పదో తరగతితో ఆపేసింది. అయినా మా అమ్మాయి లెక్క రాకపోతే పుస్తకం పట్టుకుని వంటింట్లోకే వెళ్లేది. అక్క అట్టు తిరగేస్తూ, "ముందు నీకు తెలిసిందేటో చెప్పు" అనేది. పిల్ల చెప్తూ చెప్తూ జవాబు దాకా వచ్చేసేది. పక్కగదిలో నేను పళ్లు నూరుకునేదాన్ని.

ఒకసారి తరగతిలో ఒక చిక్కులెక్క ఇచ్చాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ ఒక్కోసారి వాడి ఒక సంఖ్య రాయాలి. అందులో మొదటి రెండంకెలు రెండుతో, మొదటి మూడంకెలు మూడుతో, అలా మొత్తం సంఖ్య తొమ్మిదితో శేషం లేకుండా పోవాలి. పుస్తకంలో జవాబు లేదు. వారం కుస్తీపట్టి వదిలేశాను. పిల్లలేమో రోజూ అడుగుతున్నారు.

అక్క ఆ కాగితం తీసుకుంది. తొమ్మిదో రోజున తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"చెల్లీ, దొరికీసింది. అయిదో చోట అయిదే ఉండాలి, సున్నా లేదు కదేటి. సరిసంఖ్యలన్నీ రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది చోట్లలోనే. ఏడు దగ్గరే చాలా పేచీ పెట్టింది. ఆఖరికి ఒక్కటే నిలబడ్డాది."

381654729.

ఒక్కొక్కటే భాగించి చూశాను. ఏడు దగ్గర తప్పిపోవాలని మనసులో కోరుకున్నాను. 3816547ని ఏడుతో భాగిస్తే 545221, శేషం సున్నా.

మర్నాడు బోర్డు మీద రాసి, నేనే కనుక్కున్నానని చెప్పాను.

ఆ ఆదివారం ముగ్గురు పిల్లలు ఇంటికొచ్చారు. మా మేడమ్ ఎంత పెద్ద లెక్క విప్పారోనని అక్కకే హిందీలో వర్ణించారు. అక్క నావైపు చూడకుండా, "అచ్ఛా" అంది. వాళ్లకి అటుకుల పోహా వడ్డించింది. తర్వాత కూడా ఆ ఊసెత్తలేదు. ఆ పెద్దమనసు చూసి కూడా కుళ్లుకున్నాను.

ఆసుపత్రిలో అడిగాను. "అక్కా, ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"ఏటి చెప్పడం? రోజూ ఆ పిల్లల ముందు నిలబడాల్సింది నువ్వు." ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "సున్నాని బయట వదిలీసాం, పాపం. చివర్న కూచోబెట్టు. పదికీ పోతాది."

ఇన్నేళ్లూ నాకా మాట తట్టలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుని కూడా ఈర్ష్యపడ్డాను.

పెద్దకర్మ అయ్యాక బడికి వెళ్లాను. పదంకెలూ బోర్డు మీద రాసి, ఇది మా అక్కదని, ఒకప్పుడు నాదని అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ముందు బెంచీ పిల్ల లేచి వచ్చి, సుద్దముక్క తీసుకుని, మొదటి ఏడంకెల్నీ ఏడుతో భాగించడం మొదలుపెట్టింది. తరగతంతా ఆ చేతినే చూస్తోంది. నావైపు ఎవరూ చూడలేదు.