అమ్మ కుడి పాదం

మా వార్డులో కొత్తగా చేరిన నర్సు పిల్లలు చివరి గదిలోకి ఒంటరిగా పోవాలంటే భయపడతారు. అక్కడ ఎవరో గాజుల చప్పుడు చేస్తారట. నేను రోజూ ఆ గదిలోనే క్యారియర్ విప్పుకుని అన్నం తింటాను. ఆసుపత్రి మొత్తానికి ఫ్యాను బాగా తిరిగేది అక్కడే మరి. నంద్యాలలో నర్సుగా చేయబట్టి చాలా ఏళ్లయింది. చనిపోయినవాళ్లను శుభ్రం చేసి గుడ్డ కప్పిన చేతులివి. పోయినవాళ్లు తిరిగి రారు. వచ్చేవాళ్లే అయితే ముందు మా బిల్లు కౌంటరు అబ్బాయి గొంతు పట్టుకునేవాళ్లు.

ఇప్పటికీ దయ్యాలున్నాయంటే నేను ఒప్పుకోను. కానీ ఆళ్లగడ్డలో మా అమ్మ కుడి పాదం సంగతి ఒకటుంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను చదివింది డిప్లొమా. నలభై దాటాక బుద్ధి పుట్టి దూరవిద్యలో బీఎస్సీ నర్సింగ్‌లో చేరాను. పాఠాలన్నీ ఫోన్‌లోనే. అందులో సహజ ఆరోగ్య పద్ధతుల మీద ఒక పేపరుంది. నూనె మర్దన, కాపడం, తడిగుడ్డ పట్టీలు, ఊపిరి తీసుకునే తీరు, ఇలాంటివి. మందులు మాని ఇవి చేయమని కాదు, మందులతో పాటు చేయమని.

ఆ పాఠం చెప్పే మేడం పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. రోగి ఒంటి మీద చెయ్యి వేసే ముందు మీ అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకోండమ్మా అని ప్రతి క్లాసులోనూ చెప్పేవారు. ఆత్మకూరు నుంచి చేరిన ఒక సిస్టర్ దిండునే పాదం అనుకుని ప్రాక్టీసు చేసేది. నేను మా ఆయన కాళ్ల మీద చేశాను. ఆయన నిద్రపోయి పెట్టిన గురక క్లాసంతా విన్నది. నేను సిగ్గుతో చచ్చిపోయాను గానీ, మేడం మాత్రం ఫలితం బాగుందమ్మా అని మెచ్చుకున్నారు.

ప్రాక్టికల్‌కు ఆమె ఎదుట ఉండం కాబట్టి వీడియో పంపాలి. ఇంట్లో ఒకరికి రెండు పాదాలూ నూనెతో మర్దన చేయాలి. మధ్యలో ఆపకూడదు, ముక్కలు అతికించకూడదు. చివర చేతులు కడుక్కోవడం కూడా అదే వీడియోలో కనిపించాలి. అది కనిపించకపోతే ఫెయిలే అని మేడం ముందే చెప్పేశారు. ఈ చేతులు కడుక్కునే నియమాన్ని కాస్త గుర్తు పెట్టుకోండి.

సరిగ్గా అప్పుడే అమ్మకు పక్షవాతం వచ్చింది. నాయన పోయాక అమ్మ ఆళ్లగడ్డలో మా తమ్ముడి దగ్గరే ఉంటుంది. వాళ్లది సేద్యం. దేవుడి దయ వల్ల వచ్చింది చిన్నదే, మాటా చెయ్యీ త్వరగానే సర్దుకున్నాయి. ఎడమ కాలే మొండికేసింది. నిజం చెప్పాలంటే మొండికేసింది కాలు కాదు, అమ్మ. పాదం నేలకు ఆనించదు. వాకర్ తెచ్చిస్తే దాని మీద తువ్వాలు ఆరేసుకుంది.

"ఈ కాలు నాది కాదు మే. ఎవురిదో తెచ్చి అతికించినట్లుండాది" అనేది.

ఇలాగే పడుకుంటే కాలు బిగుసుకుపోతుంది, ఇక మంచమే గతి అని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఎందరి ఇళ్లవాళ్లకో నేను చెప్పిన మాటే అది. ఇప్పుడు అదే మాట నాకొకరు చెబుతున్నారు. పొద్దున లేస్తే పొలం గట్టు దాకా పోయి వచ్చే మనిషి మా అమ్మ. ఆమెను మంచంలో ఊహించుకోవడం నా వల్ల కాలేదు.

సెలవు దొరికిన ప్రతి ఆదివారం నంద్యాలలో బస్సెక్కి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోయేదాన్ని. పాదాలకు మర్దన చేస్తూ ఉంటే ఆ కాలు తనదే అని అమ్మకు మెల్లగా తెలుస్తుందని నా ఆశ. నా వీడియో పనీ అయిపోతుంది. అయితే మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. తల్లి కాళ్లు కూతురు పట్టకూడదు. కూతురు ఇంటి లక్ష్మి, ఆమె చేత కాళ్లు పట్టించుకుంటే తల్లికి పాపం. కోడలు పడితే మాత్రం ఏమీ కాదట. కోడలు ఎవరింటి లక్ష్మో మరి!

నూనె గిన్నె చూడగానే అమ్మ కుడి కాలు దుప్పట్లోకి లాక్కుంది. ఎడమదాన్ని చేత్తో ఈడ్చుకుంది.

"నా కాళ్లు నువ్వు పడతావా? పాపం మూట కట్టుకోమంటావా ఏందీ?"

"దినామూ ఎంతమంది కాళ్లు పడతాండానో తెలుసా నీకు?"

"వాండ్లు నీకు అమ్మలా?"

దీనికి మా సిలబస్‌లో ఎక్కడా జవాబు లేదు. పోనీ తమ్ముడి భార్య రాధ పడుతుందా అంటే, చక్కిలిగిలి అని ఒకరోజు, నొప్పి అని ఒకరోజు ఆ పిల్ల చేతులు తోసేసింది. అసలు మా అమ్మకు కాళ్లు పట్టించుకోవడం అలవాటే లేదు. పట్టడమే అలవాటు.

మా జేజికి, అంటే నాయన తల్లికి, అమ్మ రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆముదంతో కాళ్లు పట్టేది. నా చిన్నతనమంతా చూసిన దృశ్యం అది. జేజి కటువైన మనిషి. అమ్మను ఒక్కనాడైనా మంచిమాట అన్నట్టు నాకు గుర్తులేదు. కళ్లు మూసుకుని పడుకునేది. పట్టడం అయిపోయిందని తెలియడానికి అమ్మ ఆమె మడమ మీద అరచేత్తో మూడుసార్లు తట్టేది. జేజి కాళ్లు లాక్కుని గోడవైపు తిరిగేది. బాగుందనీ లేదు, చాలనీ లేదు. ఆమె పోయాక అమ్మ ఆముదం సీసా బయట పారేసింది. ఆ నూనె మళ్లీ మా ఇంట్లోకి రాలేదు.

ఒక ఆదివారం తమ్ముడూ రాధా చాగలమర్రిలో పెళ్లికి పోయారు. ఇంట్లో అమ్మా నేనూ. మధ్యాహ్నం అన్నం తిని, మాత్రలు వేసుకుని అమ్మ నిద్రపోయింది. ఇదే అదను అనుకున్నాను. నిద్రలో పడితే పాపం ఎవరి ఖాతాలోకి పోతుందో తర్వాత చూసుకోవచ్చు.

వెనక తలుపుకు కోతుల భయంతో ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది. ముందు గేటుకు నేనే గొళ్లెం పెట్టాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో మీకు తెలుస్తూనే ఉంటుంది.

ఫోనును బ్యాళ్ల డబ్బాకు, అంటే పప్పు డబ్బాకు, ఆనించి రికార్డింగ్ పెట్టాను. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి నా మణికట్టు మీద వేసి చూసుకున్నాను. అమ్మకు చక్కెర జబ్బుంది, పాదం కాలినా తెలియదు. అరచేతులు రుద్దుకుని ఎడమ పాదంతో మొదలుపెట్టాను. మడమ, అరికాలు, తర్వాత ఒక్కొక్క వేలు. చివర పొడిగుడ్డతో వేళ్ల సందులు తుడిచాను. చక్కెర ఉన్నవాళ్లకు అక్కడ జిడ్డూ తడీ నిలవకూడదు. తుడుస్తుంటే బొటనవేలు కదిలింది. అన్ని వారాల్లో అది కదలడం అదే మొదటిసారి.

కళ్లు తెరవకుండానే అమ్మ "అత్తా" అంది.

నేను హడలిపోయాను. దయ్యమని కాదు, దొరికిపోయానని. లేచి చూసిందంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. కుడి పాదం ఇంకా ముట్టుకోనే లేదు. అలాగే నూనె గిన్నె ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని పిల్లిలా బయటికి వచ్చేశాను. రికార్డింగ్ ఇంకా నడుస్తూనే ఉంది. సగమైనా పంపుదామని ఫోను ముంగిట్లో కొళాయి గట్టు మీద పెట్టి, సబ్బుతో శుభ్రంగా చేతులు కడుక్కుని అప్పుడు ఆపాను. తర్వాత వాకిలికి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను. అమ్మ పిలిచేదాకా అక్కడి నుంచి కదల్లేదు. నన్ను దాటి లోపలికి ఎవరూ పోలేదు.

"మే, యాడున్నావ్? ఇట్రా బేగా" అని అమ్మ కేక వేసింది. జబ్బు పడ్డాక ఆ గొంతులో అంత హుషారు నేను వినలేదు.

లోపల అడుగు పెట్టగానే ఆముదం వాసన కొట్టింది. అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు పాదాలూ దుప్పటి బయట ఉన్నాయి. ఎడమది నేను తుడిచినట్టే ఉంది. కుడిది నూనెతో నిగనిగలాడుతోంది. వేళ్ల సందుల నిండా చిక్కటి ఆముదం. నేనైతే చచ్చినా అలా వదలను. నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది, ముందు గుడ్డ తీసుకుని ఆ సందులు తుడిచాను. తుడిచాకే ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, ఆముదమే.

"మీ జేజి వచ్చినాది" అంది అమ్మ, పక్కింటామె వచ్చిపోయినంత మామూలుగా. "ఈడ్నే కాళ్లకాడ కూచునింది. వద్దత్తా, వద్దత్తా అంటాండా, ఇంటే కదా! రెండు కాళ్లూ పట్టి మడమ మీద తట్టినాది."

"ఏమన్నా అనిందా?"

"అనింది." అమ్మ కళ్లనిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు. "శానా పట్టినావులే మే, ఇంక లెయ్ అనింది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఒక్క మాట కోసం మా అమ్మ కాపురమంతా ఎదురుచూసిందని ఆ నిమిషం దాకా నాకు తెలియదు. ఆమె మాత్రం నా ఏడుపు పట్టించుకోలేదు. ఆ తువ్వాలు తీసేసి బండి ఇటు తెమ్మంది. వాకర్‌ను అమ్మ బండి అంటుంది. ఎడమ పాదం నేలకు ఆనించి, "బండ సల్లగుండాది" అంది. ఆ పాదానికి చల్లదనం తెలిసిందంటే అది ఎంత పెద్ద సంగతో నర్సులకు తెలుసు. నేను నడుము పట్టుకుంటే గడప దాకా నడిచింది.

కల అని సరిపెట్టుకోవచ్చు. నేను పడుతుంటే నిద్రలో జేజి పట్టినట్టు అనిపించి ఉంటుంది. ఎడమ కాలి విషయంలో నేనూ అదే అంటాను. మరి కుడి కాలికి? అమ్మ వంగి తన పాదం అందుకోలేదు. అందుకున్నా ఆముదం ఎక్కడిది? సాయంత్రం రాధ గడపలో చెప్పులు విడుస్తూనే "ఎవురొదినా ఆముదం పూసినారు?" అంది. కాబట్టి వాసన నా ముక్కు భ్రమ కాదు. వంటిల్లు, అటక, మంచం కింద ఇద్దరం వెతికాం. సీసా కాదు కదా, చుక్క దొరకలేదు.

ఆ సగం వీడియోనే మేడంకు పంపాను. జరిగినదాంట్లో ఒక్క ముక్క ఆమెకు చెప్పలేదు. చూసి ఆమే ఫోన్ చేశారు.

"ఎడమ పాదం చక్కగా చేశావమ్మా. కుడి పాదం వేరేవాళ్లతో ఎందుకు చేయించావు?"

"వేరేవాళ్లెవరు మేడం?" అన్నాను.

"నువ్వు చేతులు కడుక్కున్నాక లోపల ఎవరో మడమ మీద తడుతున్నారు కదా, వినిపిస్తోంది. మొత్తం నువ్వే చేయాలి. మళ్లీ పంపు."

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. కొళాయి నీళ్లు, కాకి అరుపు, సబ్బుపెట్టె మూత. కొళాయి కట్టేశాక, గది వైపు నుంచి, తప్, తప్, తప్. మా ఆయన విని కొళాయి కారుతున్న చప్పుడే అన్నాడు. అయ్యుండొచ్చు. తర్వాతి వారం పోయి అదే కొళాయిని తిప్పి, కట్టి, రికార్డు చేసి చూశాను. అది కారలేదు. అయినా మడమ అనే మాట మేడం నోట ఎందుకు వచ్చినట్టు? తట్టడం ఆమె పాఠంలో లేనే లేదు. ఫోను ఆ డబ్బా దగ్గరే వదిలేసి ఉంటే అంతా తేలిపోయేది. ఫెయిలవుతానన్న భయంతో దాన్ని చేతులు కడుక్కోవడానికి బయటికి తెచ్చుకున్నాను, ఏం చెప్పమంటారు!

ఆ వారమే నూనె గిన్నెతో అమ్మ ముందు మళ్లీ నిలబడ్డాను. తిడుతుందేమో అనుకున్నా. ఎడమ కాలు తనే ముందుకు జరిపింది.

"పట్టుకో. అంతటామె నాకు పట్టినంక నువ్వు పడితే ఏం పాపంలే. కుడిది మాత్రం ముట్టద్దు. అది మీ జేజి పట్టిన కాలు."

ఎంత బతిమాలినా కుడిది ఇవ్వలేదు. చివరికి రెండు పాదాల వీడియోకు రాధ కాళ్లే దిక్కయ్యాయి. ఆ పిల్ల చక్కిలిగిలికి మంచం మీద ఎగిరెగిరి పడింది. అయినా పాసయ్యాను.

జేజి వల్ల నడక వచ్చిందని నేను అనను. మందులు వేసుకుంది, ఫిజియో అబ్బాయి చెప్పినవన్నీ బుద్ధిగా చేసింది. ఇప్పుడు నేను నంద్యాలకు బయల్దేరితే చేతికర్ర ఊతంతో గేటు దాకా వచ్చి సాగనంపుతుంది. నాకు అంతకంటే ఏం కావాలి? కడుపు నిండినట్టుంటుంది.

ఒక్కటే నాకు అంతుపట్టదు. చక్కెర ఉన్నవాళ్లకు చలికాలం మడమలు పగులుతాయి. అమ్మ ఎడమ మడమకు రాధ రోజూ నూనె రాస్తుంది, పోయినప్పుడల్లా నేనూ రాస్తాను. అయినా సన్నగా పగులుతూనే ఉంది. కుడి మడమకు ఎవరం ఏమీ రాయడం లేదు. పోయిన ఆదివారం అమ్మ కునుకు తీస్తుంటే మెల్లగా వేలితో తడిమి చూశాను. పసిబిడ్డ మడమంత మెత్తగా ఉంది. ఎందుకుందో ఒక నర్సుగా నేను చెప్పలేను.

"చూసినావులే" అంది అమ్మ, కళ్లు మూసుకునే. "పక్కకు జరుగు మే. అది ఆమె కూచునే తావు."

నేను జరిగాను.