ఆమె పేరున జాకెట్ ముక్క

దయ్యాలను నమ్మే మనిషిని కాను. మా గల్లీలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందంటారు, నేను ముందు దవాఖానకు పొమ్మంటాను. బాన్సువాడలో బట్టలు కుట్టి బతికేదాన్ని, అలాంటివాటికి నాకు తీరిక కూడా లేదు.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ బీడీలు చుట్టేది. నేను పాకే వయసులో ఒకరోజు జర్దా, అంటే బీడీలో వేసే పొగాకు, చాటలో అట్లాగే నేల మీద వదిలేసి నీళ్లకు వెళ్లిందట. తిరిగి వచ్చేసరికి ఎవరో ఆడమనిషి నా నోట్లో వేలు పెట్టి ఉంది. ఆమె మెడలో దర్జీ టేపు. పిల్లల్ని ఎత్తుకుపోయేదనుకుని అమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. ఆమె వెనక్కి జరిగి గడప దాటి వెళ్లిపోయింది. నా నోట్లోంచి తీసిన జర్దా ముద్ద ఆ తర్వాత అమ్మ కంట పడింది. గల్లీ అంతా వెతికినా మనిషి లేదు.

ఆ బాధ అమ్మను వదల్లేదు. ఆడబిడ్డనని నా ఒళ్లో జాకెట్ ముక్క పెట్టి ఒడిబియ్యం పోసిన ప్రతిసారీ ఆమె పేరున ఒక జాకెట్ ముక్క పెట్టెలో దాచేది. "ఆమె గూడ నాకు బిడ్డ లెక్కనే. ఎన్నడన్న కలవకపోతదా?" అనేది. ఈపాటికి ముసలిదైపోయి ఉంటుందిలే, ఇంక జాకెట్లేం కుట్టించుకుంటుంది అని నేను ఆటపట్టించేదాన్ని.

పోయిన ఎండాకాలం, పట్టపగలు. ఒకామె కొలతలు తీసుకుని పంపించి, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. గడప దాటగానే పైన స్లాబు లేదు, పెంకులున్నాయి. కింద అలికిన మట్టినేల. చాట పక్కన ఒక పసిపిల్ల, మూతి నిండా పొగాకు, ఊపిరాడక కళ్లు తేలేస్తోంది.

ఎవరి పిల్ల, నేనెక్కడున్నాను అనే ఆలోచనే రాలేదు. ఒళ్లోకి లాక్కుని వీపు తట్టి, వేలితో ఆ ముద్ద తీసేశాను. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అంతలో బిందె పట్టుకుని ఒక పడుచు వచ్చి తిట్లు లంకించుకుంది. ఆ గొంతు నాకు తెలుసు. అంత పడుచు గొంతుగా మాత్రం ఎన్నడూ వినలేదు. వెనక్కి జరిగాను, కాలికి గడప తగిలింది. చూస్తే మా ఇల్లే, ఫ్యాను తిరుగుతోంది.

నా గోళ్లలో జర్దా ఉంది. మా ఇంట్లో బీడీలు మానేసి ఏళ్లయింది.

డిగ్రీలో ఫిజిక్స్ చదివే మా అమ్మాయికి చెప్పాను. "కాలంల ఎనకకు పోవుడు కాదమ్మా. ఎండదెబ్బ తగిలిందేమో," అంది. అది చెప్పిందే నిజం కావచ్చు. మరి గోళ్లలో జర్దా ఎక్కడిది? నాకైతే ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎవరి దయో కానీ బతికి ఉన్నాను, రోజూ దండం పెట్టుకుంటున్నాను.

అమ్మకు చెప్పకూడదనుకున్నాను. కానీ మంచం మీదున్న అమ్మే నా చేతుల వాసన పట్టింది. అంతా విని పెట్టె తెప్పించుకుంది. దాచిన జాకెట్ ముక్కలన్నీ నా ఒళ్లో పెట్టి, బియ్యం పోసింది.

"గన్ని మాటలంటి గద బిడ్డా, కోపం రాలేదా నీకు?"

రాలేదమ్మా అన్నాను. ఎట్లా వస్తుంది? ఆ తిట్లన్నీ నా కోసమే కదా.