గోదావరి దాటించిన అత్తమ్మ

మా అత్తమ్మ చనిపోయింది. ఆ మాట నాకు పక్కింటి అరుగు మీద చెప్పారు. కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడకూడదని నన్ను అప్పటికే ఆ ఇంట్లోకి పంపేశారు. ఇది నాకు రెండో కాన్పు, ఇప్పుడు ఏడో నెల దాటింది. గోడ అవతల డప్పులు మోగాయి, ఆడవాళ్ల ఏడుపు వినిపించింది, కాసేపటికి అంతా వాగు వైపు వెళ్లిపోయారు. పెళ్లయిన నాటి నుంచి రోజూ చూసిన ముఖాన్ని చివరిసారి చూడనివ్వలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది కూడా ఆ కోపంతోనే.

అత్తమ్మ పత్తి చేను నుంచి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, కట్టె లోపలికి తోస్తూ అలాగే పక్కకు ఒరిగిపోయిందట. మెదడులో నరం చిట్లింది, బీపీ వల్లే అన్నారు. అది విని నాకు ఒళ్లు మండింది. నా బీపీ మంచిగుందా లేదా అని ప్రతిసారీ డాక్టరమ్మ ప్రాణం తీసిన మనిషి తన చెయ్యి ఒక్కసారి కూడా చాపలేదు. మీరూ చూపించుకోండి అత్తమ్మా అంటే, "నాకేంది, నేనేమన్న కడుపుతోటి ఉన్ననా?" అని నవ్వేది.

మాది గోదావరికి ఇవతల, బూర్గంపాడు వైపు అడవి అంచున ఒక ఊరు. స్కానింగు, కాన్పుల డాక్టరమ్మ అంతా అవతల ఒడ్డున, భద్రాచలంలో. మధ్యలో వంతెన. ఏడో నెల దాటాక కడుపుతో ఉన్నవాళ్లు ఏరు దాటకూడదని మా ఇళ్లలో పాత పట్టింపు. డాక్టరమ్మ తరచుగా రమ్మనేదేమో సరిగ్గా అప్పటి నుంచే. ఏడో నెల దాకా నెలకొకసారి వెళితే చాలు. ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి, తొమ్మిదో నెలలో వారం వారం. వెళ్లాల్సిన రోజులన్నీ వెళ్లకూడని నెలల్లోనే వచ్చిపడతాయి.

మా ఆడబిడ్డ, అంటే అత్తమ్మకున్న ఒక్క కూతురు, ఆ పట్టింపుకే బలైపోయింది. నేను ఈ ఇంటికి రాకముందు సంగతి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. కాళ్లు వాచాయి, తలనొప్పి అంది, కళ్లు మసకలు కమ్ముతున్నాయంది. నెలలు నిండేటప్పుడు ఇవన్నీ మామూలే అన్నారు ఇంట్లో. ఫిట్స్ వచ్చాక గాని ఏరు దాటించలేదు. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. ఈ సంగతి అత్తమ్మ నాతో ఒకే ఒక్కసారి మాట్లాడింది, ఇద్దరం కళ్లంలో మిరపకాయలు ఏరుతున్నప్పుడు.

"దవాఖానకు పోతనే అమ్మా అన్నది. నేనే వద్దన్న బిడ్డా. నేనే ఆపిన."

అని మళ్లీ తాలుకాయలు వేరు చేసుకుంటూ కూర్చుంది.

నా పుట్టిల్లు చండ్రుగొండ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా పాప కడుపున పడ్డప్పుడు నెల తప్పిందని మొదట అత్తమ్మకే చెప్పాను. మూడో నెల నిండేదాకా బయటికి చెప్పకూడదంటారు కదా, ఆమె మాత్రం తెల్లారేసరికి నన్ను ఆటో ఎక్కించింది. "గిప్పుడే ఎందుకత్తమ్మా, నేను మంచిగనే ఉన్న" అన్నాను. "మంచిగున్నప్పుడే పోవాలె. బాగలేనంక పోతె వాళ్లేం జేస్తరు?" అంది. కాన్పుకు ముందు ఇన్నిసార్లు దవాఖానాకు ఎందుకు తిప్పుతారని మీలో ఎవరికైనా అనుమానముంటే, ఇంతకంటే తేలికగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ మొదటి రోజు బరువు చూశారు, బీపీ చూశారు, రక్తం తీశారు. మూత్రం పట్టి తెమ్మని చిన్న డబ్బా ఇస్తే నేను సిగ్గుతో చచ్చిపోయాను. అత్తమ్మ దాన్ని నా చేతిలోంచి లాక్కుని, కొంగు కప్పి, గుడిలోంచి ప్రసాదం తెస్తున్నట్టు వరండా అంతా నడిచి ల్యాబులో ఇచ్చి వచ్చింది. డాక్టరమ్మ బీపీ అంకెలు చెబితే, "అంకెలు నాకెందుకమ్మా, మంచిదా చెడ్డదా అది చెప్పుండ్రి" అంది. మంచిదేనని డాక్టరమ్మ నోటితో అనేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ ఇదే తంతు. చివరికి ఆ డాక్టరమ్మ నన్ను పలకరించడం మానేసి, ముందు అత్తమ్మ వైపు తిరిగి "మంచిదే" అని, ఆ తర్వాతే నాతో మాట్లాడేది.

రక్తం తక్కువుందని ఐరన్ గోలీలు ఇచ్చారు. అవి మింగితే పుట్టేది నల్లగా పుడుతుందని వాడకట్టు ఆడవాళ్లు భయపెట్టారు. "నల్లగ పుడితె నేను ఎత్తుకుంట, మీకేం బాధ?" అని వాళ్ల నోరు మూయించింది. రోజూ అన్నం తిన్నాక గోలీ చేతిలో పెట్టి, మింగాక నోరు తెరవమని చూసేది. పశువుకు మందు పోసినట్టు చూస్తారేంది అంటే, "కడుపు నీది, భయం నాది" అనేది. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే పెద్ద స్కానింగప్పుడు ఆమెను లోపలికి రానివ్వలేదు. తలుపు సందులోంచి బిడ్డ గుండె చప్పుడు విన్నదట. ఇంటికి వచ్చే దారిపొడవునా, "పత్తి జిన్నింగు మిల్లు లెక్క కొట్టుకుంటున్నదే" అని ఆటో అతనికి కూడా చెప్పింది. షుగరు పరీక్ష రోజు తియ్యటి గ్లూకోజు నీళ్లు తాగించి నన్ను కూర్చోబెడితే, నేను తినకూడదని తనూ ఏమీ తినలేదు. పైగా ఆకలేస్తోందని నన్నే తిట్టింది.

ఏడో నెల దాటాక ఇంట్లో గొడవ మొదలైంది. ఏరు దాటడానికి వీల్లేదని మామయ్య ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు. అత్తమ్మ గొంతు పెంచలేదు. "గోదారమ్మకు నేను జెప్పుకుంట. నువ్వు జరుగు" అంది. ఆయన జరిగాడు. వంతెన మొదలు నుంచి చివరి దాకా ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, నా పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. గొణుగుతూ గోదారమ్మకు మొక్కుతూనే ఉంది. పట్టింపు ఆమె మనసులోంచి పోలేదన్న సంగతి నాకప్పుడే తెలిసింది. అంత భయం పెట్టుకుని కూడా ప్రతిసారీ దాటించింది. తర్వాత ఊళ్లో ఎవరి కోడలికి నెలలు నిండుతున్నా, వాళ్ల ఇంట్లో పోట్లాడి మరీ ఆటో ఎక్కించేది. ఆమెను గట్టిగా తిట్టుకున్న ఇళ్లలో ఇవాళ పిల్లలు ఆడుకుంటున్నారు. మా పాప కూడా ఆమె దాటించిన బిడ్డే.

ఇప్పుడు ఆ ఆటో ఎక్కించే మనిషి లేదు. ఆమె పోయిన రెండో రోజు మా ఊరి నర్సమ్మ వచ్చింది. మైల ఇల్లని లోపలికి రాలేక, నన్నే పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టి బీపీ చూసింది. పట్టీ విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ చూసింది. ఎంతుందని నేను అడగలేదు. అత్తమ్మ అడిగినట్టే అడిగాను, మంచిదా చెడ్డదా అని.

"మంచిగ లేదక్కా. డాక్టరమ్మకు చూపియ్యాలె. ఆలస్యం చెయ్యకుండ్రి."

ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు. మర్నాడు అస్థికలు గోదావరిలో కలపడానికి మామయ్య, నా భర్త, చుట్టాలు భద్రాచలం బయల్దేరారు. వ్యాను వాకిట్లో ఆగి ఉంది. నన్నూ తీసుకెళ్లండి, దవాఖాన దగ్గర దించితే చాలు, మీ పని మీరు చూసుకోండి అన్నాను. నా భర్త తండ్రి వైపు చూశాడు. మామయ్య తల అడ్డంగా ఊపాడు.

"మైలల, గీ నెలల ఏరు దాటుతవా? మీ అత్త ఉంటె ఊకునేదా?"

కూతుర్ని ఇలాగే పోగొట్టుకున్న తండ్రి ఆయన. ఆయన దృష్టిలో అది కూతురి రాత. ఇన్నేళ్లుగా ఇంటింటికీ తిరిగి ఆడపిల్లల్ని ఏరు దాటించిన భార్య పేరు చెప్పి నన్ను ఆపుతున్నాడు. ఆమె మాటకు ఆటో ముందు నుంచి జరిగింది తనేనని మరిచిపోయాడో ఏమో, అబద్ధమాడుతున్నానని కూడా ఆయనకు తోచలేదు. ఆమె చేసిందంతా ఆమెతోనే కాలిపోయింది. "దినాలు కానీ, నేనే తీస్కపోత" అని నా భర్త మెల్లగా అన్నాడు. తెల్ల గుడ్డ కట్టిన కుండను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. మా ఇంట్లోంచి గోదావరి దాటడానికి అడ్డు లేనిది ఆ కుండకొక్కదానికే.

వ్యాను పోయాక ఎవరూ చూడకుండా రోడ్డు మీదికి నడిచి ఆటో ఆపాను. అతను మా ఊరివాడే. నా పొట్ట చూశాడు, మా ఇంటి వైపు చూశాడు. "అక్కా, మీ మామ నన్ను ఊళ్ల ఉండనియ్యడు" అని వెళ్లిపోయాడు. ఆంబులెన్సుకు ఫోను చేస్తే వస్తుంది. అది వచ్చేలోపు వాకిట్లో కూర్చున్న చుట్టాల ఆడవాళ్లు నన్ను వెతుక్కుంటూ రోడ్డు మీదికి వచ్చేస్తారు. వాళ్లను దాటి నన్ను ఎక్కనిచ్చేదెవరు? నా తరఫున పోట్లాడే గొంతు ఈ ఇంట్లో ఒక్కటే ఉండేది.

తిరిగి వచ్చి గడప దగ్గర కూర్చున్నాను. తల నొప్పిగా ఉంది. చీర కుచ్చిళ్లు కాస్త పైకి జరిపి, వాచిన మడమ పైన బొటనవేలితో నొక్కి వదిలాను. అక్కడ గుంట పడింది. అది పూడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.