పూతమీది జీలుగను దున్నిపియ్యబోయిన

మంథనిల తొలి బస్సు ఏడింటికి. జర ఆలస్యమైతే నిలవడి పోవుడే, అందుకే ముందే పోయి కిటికీ పక్కన కూసున్న. నా పుట్టిల్లు బెల్లంపల్లి దాపుల. అక్కడ మా తమ్ముడు రాజయ్య ఎవుసం చేస్తడు. మడి ఒట్టి చౌడు. ఎండకాలం సున్నమేసినట్టు తెల్లగుంటది, వానకాలం నీళ్లు నిలుస్తయి. నిరుడు పచ్చిరొట్టకని జనుము చల్లితే నీళ్లకు మురిగిపోయింది. "అక్కా, ఈ యేడు గూడ వరి రాకుంటే మడి అమ్మి బొగ్గుబాయిల పనికి పోత" అన్నడు. మా బాపు చెట్లు కొట్టి చేసిన మడి! నాకు పానం ఆగలే. జనుముకు బదులు మా ఇంటి జీలుగ విత్తనం మూటగట్టి పంపిన.

అది మొలిచింది. గా నీళ్లల్లనే నడుమెత్తు పెరిగింది. గని పూతకొచ్చినంక దున్నమంటే దున్నుతలేడని మరదలు కబురంపింది. అందుకే ఈ పయనం.

పెద్దపల్లిల దిగి, ఇంటికాడ చేసుకొచ్చిన సర్వపిండి తిని, చాయ తాగి పదకొండు గంటల రైలెక్కిన. ఎదురుంగ బొగ్గుబాయిపని చేసేటాయన కూసున్నడు.

"యాడికమ్మా?"

"మా తమ్ముని పైరు దున్నిపియ్యనీకి."

"పైరును దున్నుడా! తమ్ముని మీద గంత కోపమేందమ్మా?"

రైలు డబ్బంత నవ్విండ్రు. నేను ఊకుంటనా? జీలుగ చౌడుకు జంకది, నీళ్లకు చావది, వేర్ల బుడిపెలల్ల భూమికి బలం దాస్తది, పూత మీద లేతగ దున్ని తొక్కితెనే ఎరువు, ముదిరితె పొయ్యిలకట్టె అని గోదావరి వంతెన దాటేదాక చెప్పిన. ఆయన నోరు తెరిసి ఇన్నడు.

బెల్లంపల్లిల దిగినంక ఎడ్లబండే దిక్కు. వానకాలం బండి దిగినంక బురదల చెప్పులు చేతవట్టుకోవాలె.

మడి చూస్తే కడుపు నిండింది. అంత పచ్చగ, మీద పసుపుపచ్చ పూత. నా విత్తనమే గద అది!

"పూత మీదున్నదాన్ని దున్నుడంటే కడుపుతోటున్నదాన్ని కొట్టినట్టక్కా. చెయ్యి వస్తలేదు. ఉసురు తాకుతది" అన్నడు రాజయ్య.

"తాకితె నాకు తాకనియ్యి!"

ఇంటాడబిడ్డ బొట్టువెట్టిన నాగలిని మా ఇండ్లల్ల ఆపరు. పసుపు కుంకుమ పెట్టిన. మొదటి కొమ్మ నేనే ఇరిచి బురదల తొక్కిన. రాజయ్య కండ్లు తుడుసుకుంట నాగలి వట్టిండు. పొద్దుగూకేటాళ్లకు పని అయిపోయింది.

తెల్లారి రైలుకాడికి సాగనంపనీకి వచ్చి, "అక్కా, గట్టు పొంటి జరంత దున్నకుంట ఇడిసిన" అన్నడు.

నాకు మండింది. "ఇంక జాలేనారా?"

"కాదక్కా. వచ్చే యేటికి విత్తనం గావాలె గద!"

రైలు కదిలింది. వరి ఇంకా నాటనే లేదు, మా తమ్ముడు వచ్చే యేటి ముచ్చట చెప్తుండు! వంతెన మీద గోదారి తల్లికి దండం పెట్టుకున్న.

పక్కన కూసున్నామె యాడికెళ్లి వస్తున్నవని అడిగింది.

"మా తమ్ముని మడి కాడికెళ్లి" అన్న, డబ్బంత ఇనవడెటట్టు.